మెట్టు భూమా, మెట్ట భూమా?

తిరుచానూరు: టౌన్ ప్లానింగ్‌లో జాతివివక్ష మీద వ్యాసం రాస్తున్నా. అన్నమయ్య "బ్రహ్మమొకటే" చరణంతో మొదలుపెడదామని. "మెండైన బ్రాహ్మణుడు మెట్ట భూమి యొకటే" అని నా నోటికొస్తోంది, ఇంట్లోవాళ్ళేమో "మెట్టు" అంటున్నారు. ఏది?

చంద్రగిరి: మెట్టే సార్, అనుమానం అక్కర్లేదు.

మదనపల్లె: మెట్ట కలిసినా మెట్టే, మెట్టు కలిసినా మెట్టే. సంధి చాటున దాక్కోకండి.

చంద్రగిరి: ఉకారాంతమే, మెట్టు అంటే అడుగుపెట్టు. "బ్రాహ్మణుడు" ప్రథమలో ఉంది, క్రియ కావాలి. మెట్ట అయితే "బ్రాహ్మణుని" అనాలి. కింది పాదం "చండాలుడుండేటి సరి భూమి యొకటే"లో "ఉండేటి" దానికి జోడు. అయినా చెరువు కింద మాగాణి ఉండగా ఆయనకు మెట్ట దేనికి?

నగరి: నా అనుమానం "సరి" మీద. "చండాలుడుండేటి చేరి భూమి" ఏమో? చేరి అంటే అరవంలో దళితవాడ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడకముందు మేం ఉత్తర ఆర్కాటు. అరవ రెవెన్యూ లెక్కల్లో ఊరునత్తం వేరు, చేరినత్తం వేరు. నత్తం అంటే ఇళ్ళ స్థలం; అది రాసేటప్పుడే ఎవరిల్లు ఎక్కడో తేల్చేశారు.

చంద్రగిరి: అన్నా, ప్రాస చూడు: నిండార, అండనే, మెండైన, చండాలుడు. అంత పట్టుగా ప్రాస కట్టినాయన యతి వదిలేస్తాడా? చం-స కుదురుతుంది. చం-చే అచ్చు కలవదు.

నగరి: పదానికి కూడా పద్యం లెక్కలేనా? పాడుకునేదయ్యా అది.

పుత్తూరు: యతి పక్కనబెట్టి క్రియలు చూడండి. ఒకాయన మెట్టేది, ఇంకొకాయన ఉండేది. ఆయన ఎటైనా నడుస్తాడు, ఈయన ఉండమన్నచోట ఉండాలి. మా పక్క ఊళ్ళో బస్సు దిగితే ముందు ఊరు, చెరువు కట్ట దాటినాక "ఏఏడబ్ల్యూ" అని బోర్డు. ఆది ఆంధ్ర వాడ అని విప్పి చదివేవాళ్ళే లేరు. తాగునీటి పైపు కూడా ఊరు తిరిగి చివర్న అక్కడికి చేరుతుంది.

తిరుచానూరు: అమెరికాదీ ఇదే వరస అమ్మా. జాతి పేరుతో జోనింగ్ (ఏ పేటలో ఎవరుండాలో, ఏం కట్టాలో తేల్చే రూల్) చెల్లదని 1917లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాంతో జాతి పేరెత్తకుండా, ఇంటి స్థలం ఇంతకు తగ్గకూడదు, ఈ పేటలో అపార్టుమెంట్లు కట్టకూడదు అని రూల్స్ రాసుకున్నారు. పేదవాడు ఆగిపోతాడు, నల్లవాడూ ఆగిపోతాడు. 1930ల్లో ప్రభుత్వ గృహరుణ సంస్థ పటాలు గీయించి, నల్లవాళ్ళ పేటలకు ఎర్రరంగు పూసి "ప్రమాదకరం" అని రాసింది. అప్పు పుట్టని చోట ఇల్లు ఎట్లా లేస్తుంది? ఇళ్ళ విషయంలో వివక్ష కూడదని చట్టం వచ్చింది 1968లో.

మదనపల్లె: అది సరే సార్, "సరి భూమి" అంటే సమానమైన భూమా, సరిగ్గా అదే భూమా? రెండూ ఒకటి కాదు.

చంద్రగిరి: వెనక "ఒకటే" ఉంది కదా, ఇంకా సందేహమా?

మదనపల్లె: "ఒకటే" ఉంది కాబట్టే "సరి" ఎందుకని అడుగుతున్నా. అన్నమయ్య ఊరికే మాట వేయడు.

చంద్రగిరి: యతి కోసం వేశాడు.

నగరి: చూశారా, ఇప్పుడు యతి కోసమేనట! రాగిరేకు ఫోటో ఎవరన్నా పెట్టండి. అప్పటిదాకా నాది చేరే.