డిస్కో వోలాంటె అసోంటి అల్యూమినియం బాడీ: రేకు పగుల్తున్నది, జాయింట్ విరుగుతున్నది

పాలమూరు_షెడ్ (మహబూబ్‌నగర్):
ఇటలీల కార్ల బాడీలు కట్టే టూరింగ్ సూపర్‌లెజ్జెరా వాళ్ల పని తెలిసినోళ్లు జర చెప్పుండ్రి. 1952 నాటి ఆల్ఫా రోమియో డిస్కో వోలాంటె, అంటే ఎగిరే పళ్లెం, దాని రూపాన్ని 2013ల ఆల్ఫా 8సీ మీద మళ్ల కట్టిండ్రు కదా. ఒక్కో బండికి 4,000 గంటల చేతిపని అంటున్నరు. గా పద్ధతిల ప్రీమియర్ పద్మినికి ముందుగాల బోనెట్, తర్వాత మొత్తం పైరేకు కొట్టాలని ఉన్నది. 5052 (అల్యూమినియం రకం నంబరు) రేకు, 1 మి.మీ. మందం. వంపు తీస్తుంటే అంచుల పగుళ్లొస్తున్నయ్. 4043 రకం రాడ్‌తో టిగ్ వెల్డింగ్ (ఆర్గాన్ గ్యాస్‌తోని కరెంటు వెల్డింగ్) చేసిన జాయింట్ సుత్తి తగిలితే విరుగుతున్నది. తప్పు యాడున్నది? ఆర్టీవో ఆఫీసుల ఏమంటరు?

నల్గొండ_రేకుపని:
తప్పు రేకు తెచ్చిన కాడనే ఉన్నదన్నా. 5052ల మెగ్నీషియం ఉంటది, కొట్టినకొద్ది గట్టిపడతది. లోతు వంపులకు 3003 హెచ్14 (సగం గట్టి రకం) గానీ, 1100 గానీ తీసుకో. మందం 1.2 మి.మీ. అల్యూమినియం బిగువు ఉక్కుల మూడో వంతే, అందుకే 0.8 మి.మీ. ఇనుప రేకు ఇచ్చే గట్టితనానికి దాదాపు 1.15 కావాలె. అట్లయినా చదరపు మీటరుకు 3.2 కిలోలే, ఇనుముదైతే 6.3.

కొట్టే ముందు మెత్తబరచాలె. ఆక్సిజన్ తక్కువ పెట్టి ఎసిటిలీన్ మంటతోని రేకు మీద పల్చగ మసి పట్టియ్యి. తర్వాత మంటను సమం చేసి, మసి ఎగిరిపోయేదాక టార్చి తిప్పుకుంట పో. మసి పోయిందంటే చాలు, అక్కడ ఆగొద్దు. ఇనుము ఎర్రగైతది, అల్యూమినియం రంగు మారదు, 660 డిగ్రీలు దాటకముందే ఒక్కసారిగ జారిపోతది. కరగకున్నా ఎక్కువ కాల్తే లోపల గింజ పెరిగి, కొట్టినంక పైన నారింజ తొక్క లెక్క వస్తది. నీళ్లల్ల ముంచినా, గాలికి వదిలినా ఈ రేకుకు తేడా లేదు. సుత్తి మోత గణగణమంటే మళ్ల గట్టిపడ్డదని లెక్క, మళ్ల కాల్చాలె.

ఇగ అంచు పగులుడు. నువ్వు నడుమ సాగదీసి వంపు తెస్తున్నవు, అంచు తట్టుకుంటలేదు. అంచు కాడ ముడతలు పెట్టి, ఆ ముడత కొసలు తప్పించుకోకుంట చెక్క సుత్తితోని లోపలికి కుదించు. అంచు కుదిస్తే నడుమ దానంతట అదే లేస్తది. మిగిలిన లోతు తోలు ఇసుక సంచి మీద తీసి, ఇంగ్లిష్ వీల్ (రెండు చక్రాల నడుమ రేకును నడిపే మిషన్) మీద సాపు చేయాలె. ఇనుప సుత్తి-డాలీ (రేకు ఎనక ఆనించే ఇనుప దిమ్మ) అలవాటు మాత్రం పక్కకు పెట్టు. రెంటి నడుమ పడ్డ అల్యూమినియం ఒక్క దెబ్బకే సాగుతది, మళ్ల దాన్ని ఎనక్కు తెచ్చుడు కష్టం.

మిర్యాలగూడ_టిగ్:
రాడ్ మార్చండి. 4043లో 5 శాతం దాకా సిలికాన్ ఉంటది, జాయింట్ చుట్టూ ఉన్న మెత్తటి రేకు సుత్తికి ఒదుగుతది, ఆ వెల్డింగ్ పూస ఒదగదు. 1100 రాడ్ వాడండి, లేకుంటే అదే రేకు నుంచి 2 మి.మీ. పీలిక కోసుకోండి. ఏసీ కరెంటు, స్వచ్ఛమైన ఆర్గాన్ నిమిషానికి 7-8 లీటర్లు, 1.2 రేకుకు 50 ఆంప్స్ దగ్గర మొదలుపెట్టండి. ముందు అసిటోన్‌తో తుడిచి, అల్యూమినియానికే వేరుగా పెట్టుకున్న స్టెయిన్‌లెస్ బ్రష్‌తో గీకండి. ఇనుము గీకిన బ్రష్ ముట్టించొద్దు. గ్యాస్ వెల్డింగ్ అయితే ఫ్లక్స్‌ను (వెల్డింగ్‌కు ముందు పూసే మందు) వేడినీళ్లతో కడిగి కడిగి తీయాలి. కొంచెం మిగిలినా పెయింట్ కింద నుంచి తెల్ల పొడి పొంగుతది.

జడ్చర్ల_పాతబండ్లు:
డిస్కో వోలాంటె విషయంలో ఒక్కటి గమనించాలి. 8సీ కార్బన్ ఫైబర్ పైతొడుగు తీసేసి, చేత్తో కొట్టిన అల్యూమినియం, కొంత కార్బన్ ఫైబర్ కలిపి కొత్త బాడీ వేశారు. కింద చాసిస్, 450 హార్స్‌పవర్ 4.7 లీటర్ల వి8, వెనక గేర్‌బాక్స్ 8సీవే. బరువు మోసే దాన్ని కదిలించలేదు. పద్మినికి వేరే చాసిస్ లేదు, బాడీయే మోస్తుంది. కాబట్టి బోనెట్, డిక్కీ, తలుపుల పైరేకు వరకే ఆగండి. రూఫ్, తలుపు కింది పట్టీ కోస్తే బండి కుంగుతుంది.

పాత సూపర్‌లెజ్జెరా పద్ధతిలో సన్నటి ఉక్కు గొట్టాల చట్రం మీద అల్యూమినియం రేకు మడిచేవారు. ఆ మడతలోకి నీళ్లు దిగితే ఉక్కు చెడేకంటే ముందు అల్యూమినియం తినేసుకుపోతుంది. మీ బోనెట్ లోపలి చట్రం ఇనుముదే ఉంచితే రెండువైపులా ఎపాక్సీ ప్రైమర్ వేసి, మధ్యలో బ్యూటైల్ (రబ్బరు) టేపు పెట్టండి. పుట్టి కూడా ఎపాక్సీ మీదనే. ఎండ లెక్క కూడా చూసుకోండి: 1.2 మీటర్ల బోనెట్ 40 డిగ్రీలు వేడెక్కితే అల్యూమినియం 1.15 మి.మీ. పెరుగుతుంది, ఉక్కు 0.6 లోపే. డిసెంబర్ పొద్దున సందు మరీ బిగుతుగా పెట్టి సంబరపడితే మే నెలలో మూల రాసుకోవచ్చు. ఆ తేడా లెక్కేసి సందు పెట్టండి.

చట్టం: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 2021 వింటేజ్ నిబంధనల్లోనూ 50 ఏళ్లు దాటిన బండికి చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మారి ఉండకూడదు. అసలు ఆకారంలోనే అల్యూమినియం బోనెట్ కొట్టినా, పని మొదలుపెట్టక ముందే ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. పళ్లెం ఆకారం రోడ్డు మీదికి కుదరదు.

పాలమూరు_షెడ్:
అయితే బోనెట్ ఒక్కటే, పాత ఆకారంలనే. అచ్చు చెక్కతోని చేయాల్నా?

నల్గొండ_రేకుపని:
12 మి.మీ. ప్లైవుడ్ చాలు. సొట్టలు లేని పాత బోనెట్ మీద అట్టతోని ప్రతి 120 మి.మీ.కు వంపు తీసుకొని పలకలు కోసి, అడ్డం నిలువు ఒకదాంట్లొకటి దిగేయ్. పలకల అంచుల కెల్లి 1.2 మి.మీ. తగ్గించాలె, లేకుంటే రేకు మందం కలిసి బోనెట్ పెద్దగైతది. రేకు అచ్చు మీద పెట్టి ఎలుగుకు ఎదురుగ చూడు, సందుల కెల్లి ఎలుగు కనవడ్డ కాడనే ఇంక పని ఉన్నట్టు. వంపు కుదిరినంక అంచుకు 15 మి.మీ. వదిలి కోసుకో, మడత ఆఖరుకు.