సెల్లార్‌లో ఊట నీరు: సొంతంగా ఆపగలమా, పనివాళ్లను పిలవాలా?

అందరికీ నమస్కారం. మాది భీమవరం. ఇంటి కింద చిన్న సెల్లార్ ఉంది, ధాన్యం బస్తాలకని మా నాన్నగారు కట్టించారు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు లోపల పొడిగానే ఉంటుంది. జూన్‌లో నీళ్లు వదిలిన కొద్ది రోజులకే గోడ, నేల కలిసే మూల నుంచి సన్నగా ఊరడం మొదలు. వానలు ముదిరేసరికి చీలమండ లోతు. గోడ మీద పెయింటు పొక్కుల్లా ఉబ్బింది. బొటనవేలితో నొక్కితే చిట్లి, లోపలి నుంచి తెల్లటి ఉప్పు పొడి రాలుతోంది.

గాలిలో తేమేమోనని ప్లాస్టిక్ కవరు ముక్కను నాలుగు వైపులా టేపు వేసి గోడకు అంటించాను. రెండు రోజులకు గోడ వైపే చుక్కలు పట్టాయి. అంటే మట్టిలోంచే వస్తోంది.

పోయినేడాది వాటర్‌ప్రూఫ్ పెయింటు నేనే వేశాను, ఆరు నెలలు కూడా ఆగలేదు. వెనక నుంచి నీరు తోస్తుంటే పైపూత నిలవదు కదా. ఈసారి ప్లాస్టరింగ్ చెక్కేసి క్రిస్టలైన్ పూత వేద్దామనుకుంటున్నాను. అది కాంక్రీటు రంధ్రాల్లోకి దిగి వాటిని మూసేస్తుంది. మావి ఇటుక గోడలు, మరి పని చేస్తుందా?

ఒక కాంట్రాక్టరు పీయూ ఇంజెక్షన్ గ్రౌటింగ్‌కు (గోడకు రంధ్రాలు చేసి, నీరు వచ్చే సందుల్లోకి పాలీయురేతేన్ రసాయనం ఎక్కించి మూసేయడం) లక్షా పది వేలు అడిగారు. గ్యారంటీ కాగితం ఇమ్మంటే మాట దాటేశారు. అమ్మేమో మట్టి పోసి పూడ్చేయమంటోంది, నాన్నగారు కట్టించింది, నాకు మనసొప్పడం లేదు.

డెల్టాలో సెల్లార్ ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. మూలలో గుంట తీసి మోటారు పెడితే సరిపోతుందా? పని కాలువలు కట్టేసిన రోజుల్లోనే చేయించాలా?