గోడకు కొట్టే మొల, కూర్చోనివ్వని మొలలు

మొన్న క్యాలెండర్ తగిలించడానికి “ఆ గోడకు ఒక మొల కొట్టురా” అంది మా అమ్మమ్మ. హైదరాబాద్‌లో పెరిగిన మా అక్క కొడుకు బిత్తరపోయాడు. వాడికి మొలలంటే హనుమకొండ గోడల మీద రాసుండే జబ్బే. మన వరంగల్ వైపు మొల అంటే మేకు. మొలతాడులో మొల నడుము. మరి జబ్బుకు ఆ పేరు దేన్నిబట్టి వచ్చింది? మొలకెత్తడం నుంచా?

నర్సంపేట, రిటైర్డ్ తెలుగు పండిట్: నా ఓటు మేకుకే. పాతకాలపు ఆయుర్వేద పండితుడు వాగ్భటుడు అర్శస్సును, అంటే మొలల జబ్బును, వివరిస్తూ “మాంసకీలకం” అంటాడు. కీలం అంటే మేకు. శత్రువులా హింసిస్తుంది కాబట్టి అర్శస్సు అట. సంస్కృతాన్ని చూసి మనవాళ్లు అనువదించుకున్నారని మాత్రం అనను. చేతికి తగిలిన బుడిపె మేకు తలలా ఉంటే ఎవరైనా ఆ మాటే అంటారు.

హనుమకొండ, సర్జరీ వార్డు నర్సు: సార్, పుట్టుక సంగతి మీరే తేల్చండి. నా గొడవ వేరు. “మొలలు లేచినయి సిస్టర్” అంటూ వచ్చేవాళ్లలో చాలామందికి ఉండేది మొలలు కాదు. లోపలి మొలలు మామూలుగా నొప్పి పెట్టవు, ఎర్రటి రక్తం పడుతుంది అంతే. బయటి మొలలో రక్తం గడ్డకడితే మాత్రం ఉన్నట్టుండి వాచి, విపరీతంగా నొస్తుంది. దొడ్డికి పోయేటప్పుడు గాజుపెంకు కోసినట్టయి, తర్వాత గంటల తరబడి మంట పెడితే అది చాలావరకు ఫిషర్, అంటే గట్టి మలంతో చర్మం చీలడం. ఆ నొప్పికి లోపలి కండరం బిగుసుకుంటుంది, బిగుసుకుంటే రక్తం సరిగా అందక పుండు మానదు. భయపడి దొడ్డికి ఆపుకుంటే మలం ఇంకా గట్టిపడుతుంది. చీము కారే రంధ్రం ఉంటే ఫిస్టులా. మూడింటికీ ఒకటే మాట, ఒకటే గోడ ప్రకటన!

మొదట అడిగినవాణ్ని: అక్కా, మరి ఫిషర్‌కు మనకు మాట లేదా? ఫిస్టులాకు భగందరం ఉంది కదా.

పండిట్: ఆయుర్వేదంలో “పరికర్తిక” ఉంది, చుట్టూ కత్తెరతో కోసినట్టుండే బాధ. మాట అందమైనదే, ఇంట్లో ఎవరి నోటా పలకదు.

నర్సు: నేను “పగులు” అంటాను. మడిమె పగులు అందరూ చూసిందే కాబట్టి టక్కున అర్థమవుతుంది. మలం మెత్తబడితే పగులు కలుస్తుందని కూడా ఒప్పుకుంటారు. నీళ్లు, ఆకుకూరలు, జొన్నరొట్టె, డాక్టర్ చెబితే ఇసబ్‌గోల్. కొత్త పగుళ్లు చాలావరకు కొన్ని వారాల్లో ఇట్లాగే మానుతాయి. 6 వారాలు దాటినా మానకపోతే కండరాన్ని వదులు చేసే ఆయింట్‌మెంట్ రాస్తారు, దానికీ లొంగకపోతే చిన్న ఆపరేషన్. రక్తం పడుతుంటే, ముఖ్యంగా 40 దాటినవాళ్లు, మొలలే అనుకుని ఊరుకోవద్దు. పేగు క్యాన్సర్‌లోనూ రక్తం పడుతుంది.

ఇంకో మాట చిక్కు ఉంది. “శుభ్రంగా కడుక్కో” అంటే సబ్బేసి రుద్దేస్తారు, డెట్టాల్ కూడా పోస్తారు. మంట రెట్టింపు! అందుకే ఇప్పుడు “కడుగు” అని ఊరుకోను. “ఉత్త నీళ్లు పోసుకో, మెత్తటి బట్టతో అద్దుకో, రుద్దకు” అంటాను. ఆ “అద్దు” ఒక్కటీ పట్టుకున్నారంటే సగం పని అయినట్టే.

పరకాల నుంచి ఒకరు: సిట్జ్ బాత్‌ను ఏమంటారు? డాక్టర్ రాసిచ్చాడు, మా అత్తమ్మకు చెప్పలేక చస్తున్నా.

నర్సు: చెల్లే, “గోరువెచ్చని నీళ్లల్ల కూసునుడు” అను. వెడల్పాటి టబ్బులో నడుము కింది దాకా నీళ్లు, 10-15 నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. వేడి ఎంతుందో ముందు మోచేతితో చూడు. ఉప్పు కలపాలా అని అడుగుతుంది, అక్కర్లేదని చెప్పు.

పండిట్: నడుము కింది దాకా అంటే మొల లోతు నీళ్లు. చూశారా, ఇంకో మొల కూడా వచ్చింది.