అమ్మకి ముద్ద దిగట్లేదు, ఎండోస్కోపీ నార్మల్ అంటున్నారు, ఇప్పుడు ఎవరికి చూపించాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. అమ్మకి 48 ఏళ్ళు. రెండేళ్ళ నుంచి తిన్నది రొమ్ము మధ్యలో ఆగిపోతుంది అంటది. అన్నం ఒక్కటే కాదు, మంచినీళ్ళు కూడా మొదటి నుంచీ అట్లనే ఆగేవంట, మాకు చెప్పలేదు. నాలుగు ముద్దలు తిన్నాక లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, చెంబెడు నీళ్ళు గటగటా తాగుద్ది, అప్పుడు దిగితే దిగినట్టు, లేకపోతే పెరట్లోకి పరుగు. పెళ్ళిళ్ళకి పోయినా బంతిలో కూర్చోట్లేదు, ఇంటికెళ్ళి తింటాలే అంటది. 62 కేజీలు ఉండేది, ఇప్పుడు 51. ఇద్దరు డాక్టర్లు గ్యాసే అన్నారు, పరగడుపు మాత్ర ఏడాదిన్నర వాడాం. ఎండోస్కోపీలో ఏం లేదని ఒకాయన టెన్షన్ అని నిద్రమాత్ర రాశారు. ఆ రోజు అమ్మ బస్సులో ఇంటిదాకా ఏడుస్తూనే ఉంది. ఎవరికైనా ఇట్లా అయిందా, దయచేసి చెప్పండి.

జవాబు:
చెల్లీ, మాది తెనాలి. ముందు ఒక్క మాట అడుగుతా, అమ్మ పడుకున్నాక తిన్నది నోట్లోకి వస్తుందా? వస్తే పుల్లగా ఉంటుందా, చప్పగా ఉంటుందా?

ప్రశ్న అడిగినవారు:
వస్తది అన్నా. పొద్దున దిండు మీద రాత్రి తిన్న మెతుకులు మెతుకులుగానే ఉంటాయి. పులుపు ఉండదంట. రాత్రిళ్ళు దగ్గు కూడా, దానికి వేరేగా ఇన్‌హేలర్ ఇచ్చారు.

జవాబు:
నేను డాక్టర్ని కాదు, నాకు జరిగింది చెప్తున్నా. పొట్టలోకి వెళ్ళొచ్చిన అన్నమైతే పుల్లగా ఉంటుంది, చప్పగా మెతుకులతో వస్తుందంటే అసలు పొట్టలోకే దిగలేదన్నమాట. నాకూ ఇదే, నాలుగేళ్ళు గ్యాస్ మాత్రలు మింగాక అకలేషియా అని తేలింది. అన్నవాహిక అడుగున, పొట్ట మొదట్లో ఒక బిగుతు కండరం ఉంటుంది, మింగినప్పుడు అది వదులవ్వాలి, దాన్ని నడిపే నరాలు దెబ్బతింటే వదులవ్వదు, పైనుంచి నెట్టే కదలిక కూడా పోతుంది, అందుకే నీళ్ళకీ అన్నానికీ ఒకటే ఇబ్బంది. ఏటా లక్షలో ఒకరికి వచ్చే జబ్బు అని మా డాక్టర్ చెప్పారు. మొదట్లో ఎండోస్కోపీ నార్మల్‌గానే కనిపించొచ్చు, కాబట్టి అమ్మది టెన్షన్ అని మీరు మాత్రం అనుకోకండి.

రెండు టెస్టులు అడగండి. బేరియం స్వాలో అంటే సున్నంనీళ్ళ లాంటి మందు తాగించి ఎక్స్‌రేలు తీస్తారు, నా ఫిల్మ్‌లో గొట్టం పైన ఉబ్బి కింద పిట్ట ముక్కులా సన్నబడి ఉంది. రెండోది మానోమెట్రీ, అసలు తేల్చేది అదే. ముక్కులోంచి సన్న ట్యూబ్ దించి, పడుకోబెట్టి, కొంచెం కొంచెం నీళ్ళు పదిసార్లు మింగమంటారు. ట్యూబ్ దిగేటప్పుడు కళ్ళల్లో నీళ్ళొస్తాయి, నాకు వాంతి కూడా వచ్చినంత పనైంది, కానీ అరగంటలో అయిపోయింది. ఇది చిన్న క్లినిక్కుల్లో ఉండదు. హైదరాబాద్‌లో నిమ్స్, గచ్చిబౌలి ఏఐజీ లాంటి చోట్ల పెద్ద గ్యాస్ట్రో విభాగాలున్నాయి, బయల్దేరే ముందే ఫోన్ చేసి మానోమెట్రీ ఏ రోజుల్లో చేస్తారో కనుక్కోండి, లేకపోతే రానూపోనూ చార్జీలు దండగ.

వైద్యం మూడు రకాలు. బెలూన్‌తో సాగదీయడం, అది ఒక్కోసారి మళ్ళీ చేయాల్సి వస్తుంది. ల్యాప్రోస్కోపీలో కండరం కోయడం, హెల్లర్ ఆపరేషన్ అంటారు. ఇంకోటి పోయెమ్, నోట్లోంచే ఎండోస్కోప్ పంపి లోపలి కండరం కోస్తారు, బయట కోత ఉండదు, 2008లో జపాన్‌లో ఇనౌయే అనే డాక్టర్ మొదలుపెట్టారు. నాకు చేసింది ఇదే. మూడో రోజు మజ్జిగ గ్లాసు పట్టుకుని గుటక వేస్తే ఆగకుండా జారింది, గ్లాసు అలాగే పట్టుకుని కూర్చుండిపోయా. అయితే నరాలు మళ్ళీ బాగవ్వవు, గేటు మాత్రమే తెరుస్తారు, నేను ఇప్పటికీ మెల్లగా నమిలే తింటా. పోయెమ్ తర్వాత యాసిడ్ పైకి రావడం చాలామందికి ఉంటుంది, దానికి మాత్ర పడుతుంది. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే మీ అమ్మకి చెప్పిన వైద్యం అందులో వస్తుందో లేదో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడ్మిషన్‌కి ముందే అడగండి.

ఇంకొకరు:
నేను స్పీచ్ థెరపిస్ట్‌ని అమ్మా. ఇది చదివే మిగతావాళ్ళ కోసం ఒకటి చెప్పాలి. మింగబోతుంటేనే పొలమారడం, నీళ్ళు ముక్కులోంచి రావడం, ముఖ్యంగా పక్షవాతం వచ్చినవాళ్ళకి, అది గొంతు దగ్గరి సమస్య, దానికి న్యూరాలజీ, ఈఎన్‌టీ, మా దగ్గర మింగే ఎక్సర్‌సైజులు. మొదట గట్టివి ఆగి, నెలల్లోనే జావ కూడా ఆగే స్థితికి వస్తే క్యాన్సర్ లేదని ముందు తేల్చుకోవాలి, ఆగొద్దు. ఈవిడ 11 కేజీలు తగ్గారు కాబట్టి పాత ఎండోస్కోపీ ఉంది కదా అని వదిలేయకండి, మళ్ళీ చేస్తామంటే చేయించండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. మీ జవాబు అమ్మకి చదివి వినిపించా, నాకే కాదన్నమాట అని రెండుసార్లు అంది. వచ్చే మంగళవారం తీసుకెళ్తున్నాం. అప్పటిదాకా ఏం పెట్టాలి?

జవాబు:
మెత్తగా పిసికిన పప్పన్నం, రాగి జావ, పెరుగు, కొంచెం కొంచెంగా ఐదారుసార్లు. రొట్టె, మాంసం వద్దు. తిన్నాక మూడు గంటలు పడుకోనివ్వకండి, రాత్రి తల వైపు మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టండి, దగ్గు తగ్గుతుంది. ఉమ్ము కూడా దిగకపోతే మంగళవారం దాకా చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి. ఇంకోటి, అపాయింట్‌మెంట్ ఫోన్‌లోనే అన్నం లోపల ఆగిపోతుందని చెప్పి, ఎన్ని గంటల ముందు ఆపాలో అడగండి. మామూలు పరగడుపు మాకు సరిపోదు, నాకు రెండు రోజులు నీళ్ళ ఆహారమే ఇచ్చి తర్వాత చేశారు. పాత రిపోర్టులన్నీ, ఆ ఇన్‌హేలర్ చీటీతో సహా, ఒక కవర్లో పెట్టుకుని వెళ్ళండి చెల్లీ.