‘విల్ బీ కమింగ్’ అంటే ‘వస్తూ ఉంటాను’ అని నేర్పొచ్చా?

రాత్రిబడి: ట్యూషన్‌కి వచ్చే ఎనిమిదో తరగతి పిల్లాడి నోట్సు చూశాను. ‘ఐ విల్ బీ కమింగ్ టుమారో’ పక్కన ‘నేను రేపు వస్తూ ఉంటాను’ అని ఉంది. బళ్లో అలాగే చెప్పారట. రేపు ఎవరైనా వస్తూ ఉంటారా? ‘అప్పుడప్పుడూ వస్తూ ఉంటాను’ అంటాం, అది అలవాటు. ఫ్యూచర్ కంటిన్యువస్‌కి, అంటే ‘విల్ బీ’ తర్వాత ఐఎన్‌జీ వచ్చే ఈ రూపానికి, ఈ ‘తూ ఉంటాను’ సూత్రం మానేయాలంటాను.

పాతమేష్టారు: తొందరపడకు నాయనా. ‘రేపు ఈ వేళకి రైల్లో వెళ్తూ ఉంటాను’ అంటే తప్పేముంది? నేను ఇలాగే చెప్పి రిటైరయ్యాను. మనకి ‘వస్తాను’ ఒక్కటే రోజూ రావడానికీ, రేపు రావడానికీ సరిపోతుంది. ఇంగ్లీషు తేడా పిల్లాడికి ఎక్కాలంటే ఏదో ఒక ఆధారం చూపించాలి కదా.

రాత్రిబడి: ‘ఈ వేళకి’ అన్నారు చూడండి, అసలు పని చేసింది ఆ మాటే. అది తీసేసి ‘రేపు రైల్లో వెళ్తూ ఉంటాను’ అనండి, ఎబ్బెట్టుగా లేదూ?

నైట్‌షిఫ్ట్: ఫోన్ సపోర్టులో ఆరేళ్లు చేశాను, నా గోల వేరు. ‘విల్ యూ కమ్?’ అంటే రమ్మని అడిగినట్టు వినిపించొచ్చు. ‘విల్ యూ బీ కమింగ్?’ అంటే మీ ప్లాన్ ఏంటని తెలుసుకోవడమే, ఒత్తిడి ఉండదు. తెలుగులో దీన్నే ‘రేపు వస్తున్నారా?’ అంటాం. ఇందులో ‘తూ ఉండటం’ ఎక్కడుంది? పైగా ఆ సూత్రం పట్టుకుని ‘తెలిసే ఉంటుంది’ని ‘విల్ బీ నోయింగ్’ చేసేస్తున్నారు. ‘నో’కి ఐఎన్‌జీ అతకదు బాబూ. మా టీములో సగం మంది మెయిల్స్ ఇంతే.

పాతమేష్టారు: ‘నోయింగ్’ నా లెక్కలో వేయకండి! మరి ఇది చూడండి. ఫోన్ ఎత్తకపోతే ‘ఈపాటికి నిద్రపోతూ ఉంటాడులే’ అంటాం. ఇంగ్లీషువాడూ ‘హీ విల్ బీ స్లీపింగ్ నౌ’ అంటాడు. రేపటి సంగతే కాదు, ఇప్పటి ఊహ. అక్కడ నా సూత్రం అచ్చు గుద్దినట్టు సరిపోయిందా లేదా?

రాత్రిబడి: సరిపోయింది, ఒప్పుకున్నాను. ఊహకీ, ‘ఈ వేళకి’ ఉన్నచోటా ఉంచుదాం. ఆ నోట్సులో మాత్రం కొట్టేసి ‘రేపు వస్తున్నాను’ అని రాయిస్తాను. కాకపోతే వాడు గడుగ్గాయి. ‘ఐ యామ్ కమింగ్ టుమారోకీ ఇదే రాయించారు కదా సార్’ అంటాడు.

పాతమేష్టారు: అన్నాక నువ్వేం చెప్పావో ఇక్కడ రాయి.