కలంకారీ బట్ట మీద సంతకం ఎవరిది?

ఏటిగట్టు: శ్రీకాళహస్తిలో కలంకారీ బట్ట ఒక్కరి చేతిలో పూర్తి కాదు. ఒకరు గేదెపాలు, కరక్కాయ కలిపి బట్ట తడిపి ఆరబెడతారు. ఒకరు చింతబొగ్గుతో బొమ్మ గీసి కసిం అనే నల్లరంగుతో దిద్దుతారు. రంగు పట్టడానికి పటిక పెట్టేది, రంగులు నింపేది ఎక్కువగా ఆడవాళ్లే. సంతకం మాత్రం గురువుగారిదొక్కటే. న్యాయమేనా?

కలంపుల్ల: న్యాయమే. బొమ్మ పుట్టేది గీతలో. మిగతాదంతా పని. రేపు రంగు వెలిస్తే కొన్నవాళ్లు ఎవర్ని నిలదీస్తారు? సంతకం ఉన్నవాడినే గదా!

మంజిష్ఠ: మీరెప్పుడైనా పటిక పెట్టిన బట్ట ఉతికినారా? పారే నీళ్లలోనే జాడించాల. నిలవనీళ్లలో ముంచితే పటిక పక్కకి పాకి, ఎరుపులో ఉడకేసినప్పుడు తెల్లగా ఉండాల్సిన చోటంతా మరకలే. ఇంక మీ గీత గంగలో కలిసినట్టే.

దారినపోయే దానయ్య: పారే నీళ్లా? స్వర్ణముఖి ఏట్లో సగం ఏడాది ఇసుకే గదండీ.

నల్లరేఖ: గేదెపాలే ఎందుకు? ఆవుపాలు పనికిరావా?

మంజిష్ఠ: గేదెపాలలో కొవ్వెక్కువ. అది లేకుంటే కసిం గీత బట్టలో పాకుతుంది. ఇక్కడ సంగతి అది కాదు.

కలంపుల్ల: ఉతికినోళ్ల పేర్లన్నీ రాస్తే బొమ్మకి చోటెక్కడ? మా షెడ్డులో నేర్చుకున్న కుర్రాడు మా పట్టాభిషేకం బొమ్మకి ట్రేసింగ్ తీసుకుపోయి, హైదరాబాద్ ఎగ్జిబిషన్‌లో సగం రేటుకి అమ్మినాడు. పేరు కూడా ఇస్తే ఇంకేమన్నా ఉందా?

ఏటిగట్టు: జీఐ గుర్తింపు, అదే ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు, ఊరి పేరు మీద వచ్చింది సార్, ఏ ఒక్కరి పేరు మీదా కాదు.

కలంపుల్ల: ఊరు వచ్చి కూలి డబ్బులిస్తుందా?

మంజిష్ఠ: కూలి మాట మీరే ఎత్తినారు. పెళ్లి కాకముందు నుంచి రోజుకూలికి రంగులు నింపినాను. అవార్డుకి పంపిన బట్టలోనూ నా చెయ్యి ఉంది. లోన్ కోసం బ్యాంకుకి పోతే, "నువ్వు చేసిందేదో చూపించమ్మా" అన్నారు. నా పేరున్న గుడ్డపేలిక ఒకటి లేదు.

కలంపుల్ల: అట్ల చెప్పు! సంతకం కాదు నీ గొడవ, సొంతంగా షెడ్డు పెట్టుకోవాలని.

మంజిష్ఠ: అవును. పెట్టుకోకూడదా?

కలంపుల్ల: పెట్టుకో, ఎవరొద్దన్నారు? మేం ఏళ్లకేళ్లు తిరిగి సంపాదించుకున్న కొనే పార్టీలని లాక్కుపోతారనేగా మా భయం.

నల్లరేఖ: ఇప్పటికి అసలు మాట బయటపడింది.

ఏటిగట్టు: పోనీ, రంగులేసినవాళ్ల పేర్లు బట్ట వెనక అంచున రాస్తే?

కలంపుల్ల: వెనకైతే రాసుకోండి.

మంజిష్ఠ: వెనకెందుకు? రంగు ముందే కదా వేసింది.