దిగుడులో న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుందా? నాన్నతో వాదన తేలట్లేదు

ఎర్ర హ్యాచ్‌బ్యాక్:
ఇంట్లో వారం నుంచి ఒకటే వాదన, ఇక్కడైనా తేలుతుందని రాస్తున్నాను. నాది ఆరేళ్ల పెట్రోలు కారు, 1.2 లీటర్ల ఇంజిన్, ఐదు గేర్ల మాన్యువల్. పోయిన ఆదివారం అమ్మ, నాన్న, చెల్లితో కొండ దిగుతున్నాం, డిక్కీ నిండా సామాను. నాన్న పక్క సీట్లో కూర్చుని "న్యూట్రల్ వెయ్యరా, ఊరికే పెట్రోలు ఎందుకు తగలేస్తావు" అంటూనే ఉన్నారు. ముప్పై ఏళ్లు బండి నడిపిన మనిషి, ఒక్క యాక్సిడెంటు కూడా లేదు, కాదనలేక వేశాను. సగం దిగేసరికి ముందు చక్రాల దగ్గర కాలిన వాసన మొదలైంది. ఇంకో రెండు మలుపులు తిరిగాక పెడల్ ఎప్పటికన్నా లోపలికి పోతోంది, మెత్తగా, స్పాంజి తొక్కినట్టు. భయమేసి రోడ్డు వెడల్పుగా ఉన్న చోట పక్కకి తీసి ఆపేశాను. చక్రాల నుంచి సన్నగా పొగ వస్తోంది.

ప్యాడ్లు అరిగిపోయి ఉంటాయని నాన్న అన్నారు. మర్నాడు విప్పించి చూస్తే సగానికి పైనే ఉన్నాయి. గేర్‌లో దిగితే పెట్రోలు ఎక్కువ తాగుతుందా, నిజంగానే? ఇంజిన్ అంత గట్టిగా అరుస్తుంటే ఏమీ పాడవదా? నాన్నకి ఏం చెప్పాలో కూడా చెప్పండి, నా మాట ఎలాగూ వినరు.

రెవ్ కౌంటర్:
ముందు అందరూ క్షేమంగా దిగారు, అది చాలు. ఆపడం మంచి పని చేశారు, ఇంకో రెండు మలుపులు లాగి ఉంటే కథ వేరేగా ఉండేది.

ఇక మీ ప్రశ్న. ఇంజెక్షన్ ఇంజిన్ ఉన్న కారు గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేస్తే, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) సుమారు 1500 పైన ఉన్నంతసేపూ ఈసీయూ (ఇంజిన్ కంప్యూటరు) పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లను మూసేస్తుంది, అంటే ఒక్క చుక్క పెట్రోలు కూడా పోదు. చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతుంటాయి కాబట్టి అది ఆగిపోదు. ఆర్‌పీఎం ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) దగ్గరికి పడిపోతున్నప్పుడు మళ్లీ ఇంజెక్టర్లు తెరుచుకుంటాయి, మీకు తెలియను కూడా తెలియదు. అదే న్యూట్రల్‌లో వేశారనుకోండి, చక్రాలకీ ఇంజిన్‌కీ సంబంధం తెగిపోయింది, ఇంజిన్ ఆగకుండా ఉండాలంటే ఐడిల్‌కి కావలసిన పెట్రోలు పోస్తూనే ఉండాలి. మీ సైజు ఇంజిన్‌కి వేడెక్కాక అది గంటకు 0.7 లీటరు అటూ ఇటూ, ఏసీ వేస్తే ఇంకాస్త ఎక్కువ. పది నిమిషాల దిగుడుకి 100 మిల్లీలీటర్ల పైమాట. గేర్‌లో దిగితే సున్నా. మిగులుతుందనుకున్న పెట్రోలు మిగలకపోగా, ఉన్నది కూడా పోయింది.

పాత కార్బురేటర్:
పైన చెప్పిందంతా నిజమే, కానీ ఆ పెద్దాయన్ని తప్పుబట్టకండి. నేను బండి నేర్చుకున్నవన్నీ కార్బురేటర్ బళ్లే, అంటే గాలి పీల్పుతోనే పెట్రోలు కలిసే పాతరకం. వాటికి ఇంజెక్టరూ లేదు, మూసేయడానికి కంప్యూటరూ లేదు. గేర్‌లో కాలు తీసేసి దిగుతుంటే ఇంజిన్ 3000 మీద తిరుగుతూ గట్టిగా గాలి పీలుస్తుంది, ఆ పీల్పుకి ఐడిల్ జెట్ అనే సన్న రంధ్రం గుండా పెట్రోలు వచ్చేస్తూనే ఉంటుంది. న్యూట్రల్‌లో వేస్తే 800కి దిగి తక్కువ తాగుతుంది. కాబట్టి ఆయన నేర్చుకున్న రోజుల్లో ఆయన లెక్క కరెక్టే, బండి మారింది, లెక్క మారలేదు. తమ్ముడూ, నాన్నగారితో "మీరు చెప్పింది తప్పు" అని మొదలుపెట్టావంటే అక్కడితో ఆగిపోతుంది. "మీ పాత బండికి అది నిజం, ఈ బండిలో కార్బురేటర్ లేదు" అని మొదలుపెట్టు.

కాకపోతే ఆ రోజుల్లో కూడా నిటారు దిగుడులో న్యూట్రల్ వేయడం ప్రమాదమే. లారీ నడిపే పెద్దవాళ్లు మాకు మొదటి రోజే చెప్పిన మాట ఒకటుంది, ఏ గేర్‌లో ఎక్కావో ఆ గేర్‌లో దిగు. ఇప్పటి కార్లకి ఒక గేరు అటూ ఇటూ కావచ్చు గానీ మాట మాత్రం చెక్కుచెదరలేదు.

మైలేజీ పిచ్చి:
నేను కొంచెం అడ్డం తిరుగుతాను, తిట్టకండి. గేర్‌లో ఉంటే సున్నా, న్యూట్రల్‌లో 0.7 అన్నది సగం లెక్క. గేర్‌లో ఉంటే ఇంజిన్ బండిని వెనక్కి లాగుతుంది కదా! చదునైన రోడ్డు మీద 60లో పోతూ, దూరంగా ఎర్ర సిగ్నల్ కనిపించింది, కాలు తీసేస్తే గేర్‌లో బండి కాస్త దూరానికే మందగించి మళ్లీ యాక్సిలరేటర్ అడుగుతుంది, న్యూట్రల్‌లో అయితే దానికి రెట్టింపు దూరం దొర్లుకుంటూ పోతుంది. 60 వేగంలో గంటకు 0.7 లీటరు అంటే లీటరుకు 85 కిలోమీటర్లు! ఏ గేర్‌లో తొక్కితే వస్తుంది అంత? సన్నటి వాలులో కూడా అంతే, న్యూట్రల్‌లో వేగం పెరగకుండా తగ్గకుండా పోయే వాలు ఉంటే అక్కడ న్యూట్రలే గెలుస్తుంది. ఇది నా సొంత పైత్యం కాదు, ఫోక్స్‌వాగన్ వాళ్ల కొన్ని డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో కాలు తీస్తే క్లచ్‌ని తనే విడదీసి దొర్లనిచ్చే ఏర్పాటు ఉంది. కంపెనీయే చేస్తుంటే మనం చేస్తే తప్పేంటి?

రెవ్ కౌంటర్:
మైలేజీ పిచ్చి గారు, చదును రోడ్డు లెక్క ఒప్పుకుంటాను, నేను దిగుడు గురించే చెప్పాను, అది స్పష్టంగా రాయాల్సింది. కానీ డీఎస్‌జీ ఉదాహరణ ఇక్కడ పనికిరాదు. అందులో మీరు బ్రేక్ మీద కాలు పెట్టగానే క్లచ్ మళ్లీ కలిసిపోతుంది, గేరు తనే ఎంచుకుంటుంది. అదే మాన్యువల్‌లో 70 మీద న్యూట్రల్‌లో ఉండగా మలుపు వెనక ఏదో అడ్డం వస్తే? క్లచ్ తొక్కాలి, ఏ గేరో ఆలోచించాలి, వేయాలి. ఆ సెకను నర కాలంలో బండి ముప్పై మీటర్లు పోయి ఉంటుంది. ఎర్ర హ్యాచ్‌బ్యాక్ దిగింది కొండ, అక్కడ వేగం నిలబెట్టుకోవడం సమస్య కాదు, వదిలించుకోవడమే సమస్య. వదిలించుకోవాల్సిన చోట దొర్లే దూరం పెంచుకోవడమేంటి అసలు?

మైలేజీ పిచ్చి:
కొండ విషయంలో మీతో గొడవ లేదు, నేనూ అక్కడ రెండో గేరే. "న్యూట్రల్ ఎప్పుడూ దండగే" అని జనం గుడ్డిగా రాసేస్తుంటారు, దానికే నా బాధ. చదునుకి ఒక లెక్క, కొండకి ఒక లెక్క.

గ్యారేజీ చేతులు:
బ్రేకుల గురించి ఎవరూ రాయలేదు, అసలు సంగతి అక్కడుంది.

మనుషులు, సామానుతో కలిపి మీ బండి 1200 కిలోలు అనుకుందాం. 300 మీటర్ల ఎత్తు దిగితే ఎక్కడో ఒకచోట 35 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారాలి. పది లీటర్ల చన్నీళ్లను కుతకుత మరిగించేంత వేడి అది. గాలికి కొంత పోతుంది, గేర్‌లో ఉంటే ఇంజిన్ పెద్ద వాటా తీసుకుంటుంది, న్యూట్రల్‌లో ఉంటే మిగతాదంతా నాలుగు చక్రాల బ్రేకుల నెత్తిన పడుతుంది, అందులోనూ ముందు రెండింటికే ఎక్కువ.

బ్రేకులు వేడెక్కి పట్టు తప్పడం రెండు రకాలు, పెడల్‌ని బట్టి తెలుస్తుంది. పెడల్ గట్టిగానే ఉంది, ఎంత తొక్కినా బండి ఆగట్లేదు అంటే ప్యాడ్లు కాలుతున్నాయి, ప్యాడ్‌లోని బంక కరిగి వాయువు వదులుతుంది, పట్టు పోతుంది. పెడల్ మెత్తబడి లోపలికి పోతోంది అంటే బ్రేక్ ఫ్లూయిడ్ మరిగిపోయింది. ద్రవాన్ని నొక్కితే నలగదు కాబట్టే బ్రేకు పనిచేస్తుంది, అందులో ఆవిరి బుడగలు పుట్టాక మీరు నొక్కేది బుడగల్ని. మీరు చెప్పిన స్పాంజి పెడల్ ఇదే. ఇది మొదటిదానికన్నా భయంకరం, ఎందుకంటే ఒక్కోసారి పెడల్ ఫ్లోర్ దాకా పోతుంది.

ఆరేళ్ల బండి కదా, ఫ్లూయిడ్ ఎప్పుడైనా మార్చారా? కొత్త డాట్ 4 గ్రేడు ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, అది ప్రమాణం. కానీ అది గాలిలోని తేమను పీల్చుకునే రకం, నీరు చేరాక అదే డాట్ 4కి ప్రమాణం 155 డిగ్రీలే. డాట్ 3 అయితే 205, తేమ చేరాక 140. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు, బండి తిరిగినా తిరగకపోయినా. ప్యాడ్లు ఎంత మందంగా ఉన్నా ఫ్లూయిడ్ పాతదైతే ఆ మందం కొండ మీద అక్కరకు రాదు. నా దగ్గరకి వచ్చే బళ్లలో ఆయిల్ మార్చనివాళ్లు తక్కువ, ఫ్లూయిడ్ మార్చనివాళ్లే ఎక్కువ. ఎవరూ అడగరు, చాలామంది మెకానిక్కులు చెప్పరు కూడా.

ఇంకోసారి వాసన వస్తే, ఆపి చల్లారనివ్వండి, నీళ్లు మాత్రం పోయొద్దు, వేడి డిస్క్ మీద నీళ్లు పడితే వంగొచ్చు, పగలొచ్చు. ఆపాక గేర్‌లో వేసి చక్రానికి రాయి పెట్టండి, కాలిపోతున్న బ్రేకు మీద హ్యాండ్ బ్రేకు ఒక్కటే నమ్ముకుని దిగి వెళ్లొద్దు, చల్లారేకొద్దీ పట్టు సడలుతుంది.

ఇంజిన్ అరుపు అన్నారు కదా, ఆర్‌పీఎం మీటరులో ఎర్ర గీత లోపల ఉంటే 3500 అయినా 4000 అయినా దానికి ఏమీ కాదు, అది తిరగడానికే పుట్టింది. కాకపోతే ఐదులో 90 మీద పోతూ ఒక్కసారిగా ఒకటిలో గుద్దితే మాత్రం ఏ లిమిటరూ కాపాడదు, లిమిటర్ ఇంధనాన్ని ఆపగలదు గానీ చక్రాలు బలవంతంగా తిప్పుతుంటే ఏం చేస్తుంది? గేరు కొండ మీదే, దిగుడు మొదలవకముందే, వేగం తగ్గించి ఎంచుకోవాలి.

నీలం సెడాన్:
నాదొక సందేహం. నాది ఆటోమేటిక్, డీలో పెడితే దిగుడులో తనంతట తనే పై గేర్‌కి వెళ్లిపోతుంది, బ్రేకు వాడక తప్పట్లేదు. ఇంకో స్నేహితుడు ఏకంగా ఇంజిన్ ఆపేసి దిగుతానంటాడు, అదెంతవరకు సేఫ్?

గ్యారేజీ చేతులు:
ఆ స్నేహితుణ్ని ఈ రోజే ఆపండి దయచేసి. ఇంజిన్ ఆగితే మీ కాలి బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్‌కి వ్యాక్యూమ్ (గాలి పీల్పు) రాదు, నిల్వ ఉన్నది రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. తాళం ఇంకాస్త వెనక్కి తిప్పితే కొన్ని బళ్లలో స్టీరింగ్ లాక్ కూడా పడుతుంది, మలుపులో అది పడితే ఎవరూ ఏమీ చేయలేరు.

మీ ఆటోమేటిక్‌కి ఎల్, 2, ఎస్, లేదా ప్లస్ మైనస్ గుర్తులున్న మాన్యువల్ మోడ్ ఏదో ఒకటి ఉంటుంది, అది ఉన్నదే ఇందుకు. ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్సులోనే గేర్లు తనే మార్చే రకం) అయితే మాన్యువల్‌కి మార్చి రెండో గేర్‌లో పెట్టుకోండి. సీవీటీలో (విడి గేర్లు లేని రకం) ఎల్.

నిశ్శబ్ద మోటారు:
ఎలక్ట్రిక్ కారు వాళ్ల తరఫున ఒక మాట, మాకు రీజెన్ (మోటారే బండిని పట్టి ఆ శక్తిని కరెంటుగా బ్యాటరీకి పంపడం) ఉంది కాబట్టి ఈ గొడవ లేదనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. కొండ మీద బస చేసి రాత్రి 100 శాతం చార్జ్ పెట్టి పొద్దున్నే దిగాను. బ్యాటరీ నిండుగా ఉంటే ఆ కరెంటు పెట్టుకోవడానికి చోటు లేదు, రీజెన్ దాదాపు పనిచేయలేదు, బండి మామూలు కారు న్యూట్రల్‌లో దొర్లినట్టు దొర్లింది. పైగా బ్యాటరీ బరువు. మొదటి ఐదు కిలోమీటర్లు గుండె చేతిలో పట్టుకుని దిగాను. అప్పటి నుంచి కొండ మీద 80 శాతం దగ్గరే ప్లగ్ పీకేస్తున్నాను. టయోటా హైబ్రిడ్ల గేర్ లివర్ మీద కనిపించే బీ కూడా ఇందుకే, బ్యాటరీ నిండాక ఇంజిన్‌ని ఊరికే తిప్పి బండిని పట్టి ఉంచుతుంది.

ఎర్ర హ్యాచ్‌బ్యాక్:
అందరికీ థాంక్స్. ఫ్లూయిడ్ సంగతి అడిగారు కదా, ఒక్కసారి కూడా మార్చలేదు. నిన్న మార్పించాను, బయటికి వచ్చింది టీ డికాషన్ రంగులో ఉంది.

ఇవాళ పొద్దున నాన్నని తీసుకుని అదే కొండకి వెళ్లాను. పాత కార్బురేటర్ గారు చెప్పినట్టే మొదలుపెట్టాను, "మీ పాత బండిలో అది కరెక్టే నాన్నా" అనగానే ఆయన వాదించలేదు, విన్నారు. ఫోన్‌లో ఓబీడీ యాప్ (కారు కంప్యూటరు అంకెలు చదివేది) పెడితే గేర్‌లో కూడా సున్నా రాలేదు, ఏదో ఒక అంకె చూపిస్తూనే ఉంది, నాకు కంగారు పుట్టింది. కారు సొంత డిస్‌ప్లేలో మాత్రం కాలు తీయగానే వినియోగం 0.0కి పడిపోయింది. కిందా మీదా మూడోసారి చూసి నాన్న "ఇదేంటి, నిజంగానే సున్నా" అన్నారు. దిగుడంతా రెండులో, అక్కడక్కడా మూడులో దిగాం. మలుపుల దగ్గర మాత్రమే బ్రేకు, అది కూడా తొక్కి వదిలేయడమే. కింద దిగాక చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూస్తే వేడి ఉంది గానీ వాసన లేదు. ఆ యాప్ ఎందుకు తప్పు చూపించిందో ఎవరికైనా తెలుసా?

రెవ్ కౌంటర్:
చాలా యాప్‌లు పెట్రోలుని నేరుగా కొలవవు, ఇంజిన్‌లోకి పోయే గాలిని చూసి, దానికి తగ్గ పెట్రోలు పోతుందని ఊహించి లెక్క కడతాయి. ఇంజెక్టర్లు మూసుకున్నా గాలి మాత్రం కొంత పోతూనే ఉంటుంది కాబట్టి ఆ అంకె వస్తుంది. కారు డిస్‌ప్లేనే నమ్మండి. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి, మూడుసార్లు చూసి ఒప్పుకునే మనిషి అంటే నాకు చాలా గౌరవం.